ఆనంద ఋణం

మనుష్యుడు దుఃఖపడినప్పుడు ఎవరూ అతనిని సంజాయిషీ అడుగరు. ఆనందించినప్పుడు మాత్రం అడుగుతారు. ఆ ఆనందం ఉపయోగకరమైన ఏ పనికీ తోడ్పడనిదైతే ఇతరులు అడుగక ముందే అతని మనస్సు అతనిని నిలదీస్తుంది. అందుచేత లోకంలో చాలామంది తమ చిన్న చిన్న ఆనందాలను దాచుకొంటారు. ఇట్లా దాచుకొన్న ఆనందం దోషమా? దోషమే అయితే అది ఎవరిపట్ల చేసిన దోషం? ప్రశ్న పాతది. దానిని పరిశీలించడానికి ఢిల్లీ నగరంలోని ఓల్డ్ రాజిందర్ నగర్ కంటె తగిన చోటు మరొకటి ఉండకపోవచ్చును.

1947 నాటి దేశ విభజనలో ఇల్లూ వాకిలీ విడిచి పశ్చిమ పంజాబునుంచి వచ్చిన శరణార్థుల కోసం వెలసిన పేట అది. ప్రథమ రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు పేరు దానికి పెట్టారు. శరణార్థుల చిన్న ఇళ్ళు కాలక్రమాన అంతస్తుమీద అంతస్తుగా పెరిగినవి. ఇప్పుడా అంతస్తులలో సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువతీ యువకులు దేశం నలుమూలలనుంచి వచ్చి ఉంటున్నారు. తెలుగు జిల్లాలనుంచి వచ్చినవారు వారిలో తక్కువేమీ కాదు. అక్కడ గదికి అద్దె, మంచానికి అద్దె, లైబ్రరీలో కూర్చునే కుర్చీకి కూడా నెలకింతని అద్దె. వీటన్నిటికంటె ప్రియమైనది కాలం. 2023వ సంవత్సరపు పరీక్షకు దరఖాస్తు పెట్టినవారు పది లక్షల పైచిలుకు. చివరకు ఉద్యోగాలకు సిఫారసు పొందినవారు 1,016 మంది. ఇంటివద్ద తండ్రి పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బుతో గంటలు కొనుక్కొనే బిడ్డకు ఒక్కొక్క గంటకు ధర కట్టే అలవాటు పడడంలో వింత లేదు.

అట్టి చోట, ఖమ్మం వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకొందాము. ఉదయం పత్రిక చదివి ముఖ్యాంశాలు రాసుకొంటుంది; మధ్యాహ్నం తరగతికి వెళుతుంది; సాయంత్రం లైబ్రరీలో రాజ్యాంగం వల్లె వేస్తుంది. రాత్రి గదిలో దీపం ఆర్పిన తరువాత దుప్పటి ముసుగులో ఫోను వెలిగించి ఒక చీనా నవల చదువుతుంది. పక్క మంచంమీది పెద్దమ్మాయి అటు తిరిగి, “ఇంకా పడుకోలేదా? ఏం చదువుతున్నావు?” అని అడుగుతుంది. “ఎథిక్స్, అక్కా,” అని ఈమె జవాబు చెబుతుంది. ఆ పరీక్షలో నీతిశాస్త్రానికి 2013 నుంచి ఒక ప్రత్యేక పత్రం ఉన్నది. దానికి 250 మార్కులు. కాబట్టి ఆ జవాబును ఎవరూ శంకించరు. అబద్ధం చిన్నదే. కాని ఆ అబద్ధం ఎందుకు అవసరమైనదో విచారించవలసి ఉన్నది.

ఆమె చదువుతున్న నవల పేరు ‘మోదావ్ జూషి’. మోషియాంగ్ థోంగ్‌షియు అనే కలం పేరు గల ఒక చీనా రచయిత్రి దానిని 2015-16 సంవత్సరాలలో ధారావాహికంగా రచించింది. 2021 డిసెంబరునుంచి అది ఐదు సంపుటాల ఇంగ్లీషు అనువాదంగా ముద్రణ పొందినది. ఆ కలం పేరుకు సిరా పరిమళమనీ, రాగి నాణెముల కంపు అనీ రెండూ కలిసిన అర్థం. చదువు విలువను జీతంతో కొలిచే పేటలో ఆ పేరు ఒక్కటే ఒక వ్యాఖ్యానంవలె వినిపిస్తుంది. నవల పేరులోని మొదటి అక్షరం మనకు మరింత దగ్గరిది. చీనా భాషలో దుష్టశక్తిని తెలిపే ‘మో’ అన్న ఆ అక్షరం, బౌద్ధ గ్రంథాలలోని ‘మార’ శబ్దాన్ని వ్రాసుకొనడానికి పుట్టినది. బోధివృక్షం క్రింద సిద్ధార్థుని పరీక్షించిన మారుడే అక్కడికి వెళ్ళి ‘మో’ అయినాడు. కనుక ఆ పేరును తెలుగులో చెప్పవలసివస్తే ‘మారమార్గానికి ఆదిగురువు’ అనవచ్చును.

ఈ నవల చీనాలో బహుళ ప్రచారంలో ఉన్న ఒక సాహిత్య శాఖకు చెందినది. ఆ శాఖలోని కథానాయకులు యోగసాధన చేసి, ఉదరంలో ‘స్వర్ణగుళిక’ అనే తేజస్సును నిలుపుకొని, కత్తులమీద ఆకాశయానం చేస్తారు, దీర్ఘాయువు పొందుతారు. దీనిని ఇంగ్లీషులోనికి తెచ్చినవారు వ్యవసాయానికి వాడే మాటను అరువు తెచ్చుకొన్నారు. తెలుగువానికి ఆ అవస్థ లేదు. సాధన, సిద్ధి, సిద్ధుడు అన్న మాటలు మనకు ఇంటి మాటలు. పదిహేనవ శతాబ్దంలో గౌరన రచించిన ‘నవనాథ చరిత్ర’ సిద్ధుల కథయే. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో సింహాన్ని వాహనం చేసుకొని గగనమార్గాన తిరిగే మణిస్తంభుడున్నాడు, జన్మలు మారిన మనుష్యులు ఒకరినొకరు గుర్తించుకొనే కథ ఉన్నది. శ్రీపర్వతంమీద నాగార్జునుడు రసవాదం సాధించినాడని మన పెద్దలు చెప్పుకొన్నారు. ఖమ్మం పిల్లకు చీనా సిద్ధుడు అపరిచితుడు కాడు. ఏనాడో పైదేశం వెళ్ళిన బంధువు వేషం మార్చుకొని తిరిగివచ్చినట్లు ఆమెకు తోచినా తోచవచ్చును.

కథ స్థూలంగా ఇది. వెయ్ వూషియెన్ అనే ప్రతిభావంతుడైన యువకుడు, తాను పెరిగిన ఇంటి కుమారుడు స్వర్ణగుళికను కోల్పోయినప్పుడు, తన గుళికను రహస్యంగా అతనికి ఇప్పిస్తాడు. సన్మార్గ సాధనకు తనలో శక్తి లేకపోగా, వేణునాదంతో శవాలను లేపే నిషిద్ధ మార్గం పడతాడు. యుద్ధంలో ఓడిపోయిన వెన్ వంశంలో మిగిలిన ముసలివారికీ, రోగులకూ, ఒక పసివానికీ ఆశ్రయమిచ్చినందుకు లోకమంతా అతనిమీద కత్తి కట్టి చివరకు అతని మరణం చూస్తుంది. అతనికి పూర్తిగా భిన్నమైనవాడు లాన్ వాంగ్‌జీ. మూడువేల పైగా నియమాలు రాతిమీద చెక్కించుకొన్న వంశంలో పుట్టి, ఆ నియమాలన్నిటినీ పాటించే మితభాషి. అట్టివాడు వెయ్ కోసం తన పెద్దలనే ఎదిరించి ముప్పదిమూడు కొరడాదెబ్బలు తింటాడు. పదమూడు సంవత్సరాల తరువాత వెయ్ మరొకరి శరీరంలో తిరిగి వస్తాడు. అప్పుడా ఇద్దరు పురుషులు ఒకరిపై ఒకరికి గల ప్రేమను మెల్లగా తెలుసుకొంటారు.

ఈ చదువుపై మొదటి ఆక్షేపణ కాలానికి సంబంధించినది. లక్ష్యం పెట్టుకొని ఇల్లు విడిచిన మనిషికి లక్ష్యంతో సంబంధం లేని సుఖం తగదని కొందరంటారు. ఆ గంట ఆమె సొంతం కాదు. తండ్రి చెమటతో కొన్నది. ఈ మాటను తేలికగా తీసివేయడానికి వీలు లేదు. నవలలు చదివి చెడిపోయినవాడు ఎవడూ లేడనడం సత్యం కాదు.

కాని ప్రయాణంలో కథకు ఉన్న స్థానం మనవారికి తెలియనిది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ సంపుటాలకు సంపుటాలు ఏ ఒప్పందంమీద నడిచినవి? కాశీకి పోదలచిన మణిసిద్ధునికి తోడు కావలసి వచ్చినది. పశువుల కాపరియైన గోపడు తోడు వస్తానన్నాడు. కాని ఒక నియమం పెట్టినాడు. మజిలీ మజిలీకీ తాను అడిగిన వింతకు కథ చెప్పాలి. కథ లేకపోతే అడుగు ముందుకు పడదు. గమ్యం కాశీయే; దానిని ఎవరూ మరువలేదు. కాని కాళ్ళకు అన్నం ఎట్లాంటిదో మనస్సుకు కథ అట్లాంటిది. హిందీలో దేవకీనందన్ ఖత్రీ పందొమ్మిదవ శతాబ్దపు చివర ‘చంద్రకాంత’ వ్రాసినప్పుడు, మాయలూ మారువేషాలూ నిండిన ఆ కథ కోసమే నాగరి లిపి నేర్చుకొన్నవారు ఎందరో అని చెప్పుకొంటారు. బాల్యంలో ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ను ఆబగా చదివిన ప్రేమ్‌చంద్ పెద్దవాడై రైతు కష్టం వ్రాసినాడు. అద్భుత కథ వాస్తవ జ్ఞానానికి శత్రువు కాదనడానికి ఈ నిదర్శనం చాలును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. 2024 జులై 27న భారీవర్షం కురిసి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక కోచింగు భవనపు నేలమాళిగలోనికి వీధిలోని వరదనీరు దూకినది. వాహనాలు నిలుపుకొనడానికీ, సామానులు ఉంచుకొనడానికీ మాత్రమే అనుమతి గల ఆ నేలమాళిగలో లైబ్రరీ నడుస్తున్నది. అక్కడ చదువుకొంటున్న ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఆ దుఃఖాన్ని వాదానికి ఉపకరణం చేసుకొనడం అమర్యాద. అయినా ఆ సంఘటన తరువాత, జీవితమంతా పరీక్ష అయిన తరువాతనే మొదలవుతుందని ఆ పేటలో ఎవరు ఎవరికి చెప్పగలరు? చదువుకొనే ఏండ్లు కూడా జీవితంలోని ఏండ్లే. వానిలో కొంత ఆనందం ఉండడం దొంగతనం కాదు. తండ్రి పంపిన డబ్బు బిడ్డ బ్రతకడానికి కూడా పంపిన డబ్బే.

అయితే ఆమె అబద్ధానికి కారణం కాలం ఒక్కటే కాదు. క్రికెట్టు చూస్తున్నాననో, పాత సినిమా చూస్తున్నాననో ఆమె నిర్భయంగా చెప్పి ఉండేది. చెప్పలేకపోయినది ఇద్దరు పురుషుల ప్రేమకథ గనుక. ఈ సంకోచం ఆమెకు మాత్రమే ఉన్నది కాదు. ఆ నవలను 2019లో చీనాలో 50 భాగాల టెలివిజన్ కథగా తీసినప్పుడు, ప్రేమను పైకి చెప్పక, ఒకరి మనస్సు ఒకరెరిగిన మిత్రుల కథగా మార్చవలసి వచ్చినది. ఆ దేశంలో అట్టి మైత్రికి గొప్ప సంప్రదాయం ఉన్నది. పోయా అనే వైణికుడు తన నాదంలోని భావాన్ని ఎరిగిన ఏకైక మిత్రుడు చనిపోగా, వాద్యాన్ని విరుగగొట్టి మరల వాయించలేదని పురాతన కథ. ప్రేక్షకులు ఆ మైత్రి వెనుక దాగిన మాటను గ్రహించుకొన్నారు. కాని 2021లో అక్కడి ప్రసార నియంత్రణాధికారులు ఇట్టి కథల చిత్రణను మరింత కట్టడి చేశారు.

మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇట్టి ప్రేమను నేరంగా పరిగణించినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, యుక్తవయస్కుల పరస్పర సమ్మతితో కూడిన సంబంధాలకు ఆ సెక్షను వర్తించదని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం, ఒకే లింగానికి చెందినవారి వివాహానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడం తన పని కాదన్నది. ఖమ్మం అమ్మాయికి ఈ రెండు తీర్పులూ కంఠస్థం. తేదీలు, ధర్మాసనం సంఖ్య, ఆధారపడిన రాజ్యాంగ అధికరణాలు తడుముకొనకుండా చెప్పగలదు. పగలు సమాధాన పత్రంలో స్వేచ్ఛగా వ్రాసిన విషయాన్ని రాత్రి కథగా చదువుతున్నానని పక్క మంచంమీది అక్కకు చెప్పలేదు. హక్కుగా అంగీకరించినదానిని ఇష్టంగా ఒప్పుకొనడానికి మనిషికి ఇంత వెనుకాట ఎందుకు? తీర్పును సమర్థించినవానిని లోకం ఉదారుడంటుంది. కథను ప్రేమించినవానిని, నీకెందుకు ఇది అని అడుగుతుంది.

ఈ ‘నీకెందుకు’ అన్న ప్రశ్ననుంచియే రెండవ ఆక్షేపణ పుట్టుతున్నది. అది మొదటిదానికంటె బలమైనది. ఇట్టి నవలలు వ్రాసేవారిలోనూ చదివేవారిలోనూ స్త్రీలే ఎక్కువ. కథలోని ప్రేమ వారి అనుభవం కాదు. ఇతరులు అవమానాలు పడి గడిపే జీవితాన్ని వీరు తీరిక వేళ వినోదంగా అనుభవిస్తున్నారు గదా, ఇది పరుల ఇంటి కిటికీలోనికి తొంగిచూడడం కాదా అని ఆక్షేపణ.

దీనికి మన అలంకారికుల వద్ద సమాధానం సిద్ధంగా ఉన్నది. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం, కావ్యంలోని రతి నాది కాదు, పరునిది కాదు. వ్యక్తి సంబంధం తొలగిన భావమే రసమవుతుంది. అందువల్లనే శకుంతల శోకాన్ని పురుషుడు, రాముని విరహాన్ని స్త్రీ అనుభవించగలుగుతున్నారు. ఖమ్మం అమ్మాయి విషయంలో దీనికి మరొక కారణం కూడా కలుస్తుంది. ఆమె చిన్ననాటినుంచి విన్న ప్రేమకథలన్నిటిలో ఎవరో ఒకరు ఇల్లు విడిచి వెళ్ళాలి; కట్నం మాట రావాలి; ఒకరు తగ్గి ఒకరు పెరగాలి. ఇద్దరూ కత్తి పట్టినవారై, ఇద్దరూ విద్యావంతులై, ఎవరూ ఎవరి ఇంటిపేరులోనికి మారనవసరం లేని అనురాగం ఎట్లా ఉంటుందో ఆమె ఈ పుటలలో మొదటిసారి చూస్తున్నది. అది పరుల కిటికీ కాదు. తనకు దొరకని సమానత్వాన్ని ఊహించుకొనడానికి ఆమె చేరుకొన్న చోటు.

సమాధానం బాగున్నది. కాని చాలినది కాదు. వ్యక్తి సంబంధం తొలగినప్పుడే రసం పుట్టుతుందంటే, పుస్తకం మూసిన తరువాత ఆ వ్యక్తులపట్ల పాఠకునికి బాధ్యత ఏమీ లేదనవలసి వస్తుంది. ఆ నవల ప్రారంభమే ఈ ప్రశ్నను లేవదీస్తున్నది. వెయ్ తిరిగి వచ్చినది ఎవరి శరీరంలోనికి? మో షువాన్‌యు అనే ఒక దిక్కులేని యువకుని శరీరంలోనికి. అతడు పురుషులను ప్రేమించేవాడని అపకీర్తి పొంది, గురుకులంనుంచి గెంటివేయబడి, బంధువుల ఇంట పిచ్చివాడన్న పేరుతో తన్నులు తింటూ ఉంటాడు. హాన్ వంశపు ఐ చక్రవర్తి తన చేతిమీద నిద్రించిన ప్రియుని లేపడం ఇష్టం లేక తన చొక్కా చేతిని కత్తిరించుకొన్నాడట. ఆ కథనుంచి పుట్టిన ‘తెగిన చెయ్యి చొక్కా’ అన్న మాట ఇట్టివారికి బిరుదైనది. ఒకప్పటి మృదువైన కథ కాలక్రమాన హేళనగా మారినది. ఆ హేళన భరించలేక మో షువాన్‌యు నిషిద్ధమైన క్రతువు చేసి, తన ఆత్మను బలి ఇచ్చి, పగ తీర్చుమని తన శరీరాన్ని వెయ్‌కు అప్పగిస్తాడు. వెయ్ కండ్లు తెరిచేసరికి అతని రొమ్ముమీద తన్ను పడుతున్నది.

అక్కడినుంచి కథ వేగం పుంజుకొంటుంది. వెయ్ ఆ యువకుని అపకీర్తినే ముసుగుగా వాడుకొని, పిచ్చిచేష్టలు చేసి, లాన్ వాంగ్‌జీని విసిగించి తప్పించుకొనడానికి ప్రయత్నిస్తాడు. పాఠకులు హాయిగా నవ్వుకొంటారు. క్రమంగా ప్రేమ పండుతుంది, పాఠకులు సంతోషిస్తారు. ఆ సంతోషమంతా నడుస్తున్నది మో షువాన్‌యు దేహంలో. అతనికి ఎవరూ ప్రేమ ఇవ్వలేదు. అతడు పోయినందుకు ఏడ్చినవారు లేరు. మొదటి కొన్ని పుటలు దాటిన తరువాత అతని ముఖం వెయ్ ముఖమైపోతుంది. రచయిత్రి ఉద్దేశించినదో లేదో గాని, పాఠకుని ఆనందం ఎవరి దేహంమీద నిలిచి ఉన్నదో ఆ కథ మొదటనే చెప్పి ఉంచినది.

మన నవనాథుల కథలో సారంగధరుడున్నాడు. సవతితల్లి మోపిన నింద వల్ల కాళ్ళు చేతులు నరికించుకొని అడవిలో పడి ఉన్నప్పుడు మీననాథుడు అతని మూలుగు విన్నాడు. వానివల్లనే అతడు సిద్ధుడైనాడు. మో షువాన్‌యు మూలుగు విన్న మీననాథుడు లేడు. తెలుగు పాఠకురాలికి ఈ తేడా స్ఫురించినట్లయితే, ఆ విననివారిలో తానూ ఒకతెనేమో అన్న సందేహం కూడా కలుగక మానదు.

ఆనందం ఒప్పా తప్పా అన్న ప్రశ్నకు సమాధానం ఆ పుస్తకంలో దొరకదు. ఆ ఆనందం పొందిన మనిషి ప్రవర్తనలో వెదకాలి. మరునాడు మధ్యాహ్నం తెలుగు మెస్సులో పప్పన్నం ముందు పదిమంది కూర్చున్నారనుకొందాము. దూరంగా ఒక మూల ఒంటరిగా తింటున్న ఒక అబ్బాయి నడకను అనుకరిస్తూ ఎవరో ఒక పరిహాసం ఆడుతారు. ఆ తెగిన చెయ్యి చొక్కా వంటి మాటలు మన వాడుకలోనూ లేకపోలేదు. బల్ల అంతా నవ్వుతుంది. రాత్రి రెండు గంటలదాకా ఆ ఇద్దరు చీనా వీరుల కోసం కన్నీరు పెట్టిన ఈ అమ్మాయి ఆ సమయంలో ఏమి చేస్తుంది?

తానూ నవ్విందంటే, రెండవ ఆక్షేపణ చేసినవారు గెలిచినట్లే. ఆమెకు ఆ ప్రేమ మల్లెపూలవలె రాత్రికి మాత్రమే కావలసినది. పూచిన చెట్టుతో పని లేదు. తల వంచుకొని అన్నం కలుపుకొంటూ ఊరకుంటే, తప్పు కొంత తక్కువ. బాకీ అట్లానే ఉన్నది. ఎక్కువమంది ఇక్కడనే ఆగిపోతారు. వారిని తీవ్రంగా నిందించడం న్యాయం కాదు. దూరదేశంలో, పదిమంది మధ్య, ఒంటరిగా నిలబడడం సులభం కాదు. ఆ అబ్బాయి పక్షాన మాట్లాడితే, నీకెందుకు అన్న ప్రశ్న ఆమె మీదికే వస్తుంది. రాత్రి చదివే పుస్తకం పేరు కూడా బయటపడవచ్చును.

మన పెద్దలు మనుష్యుడు మూడు ఋణాలతో పుట్టుతాడన్నారు. దేవతలకు యజ్ఞంతో, ఋషులకు అధ్యయనంతో, పితరులకు సంతానంతో తీర్చాలన్నారు. పెరిగిన తరువాత మనుష్యుడు తానుగా చేసే ఋణం మరొకటి ఉన్నది. అది పరుల కథనుంచి పొందిన ఆనందంవల్ల కలిగేది. పుస్తకం వెల చెల్లించినంత మాత్రాన అది తీరదు. రచయిత్రిని మెచ్చుకొన్నా తీరదు. ఎవరి వేదన కథకు పునాది అయినదో, అట్టి వేదన గల మనిషి ఎదుట పడినప్పుడు, అతనిని ఆ కథలోని మనిషినివలెనే గౌరవంగా చూడగలగడం ఒక్కటే ఆ బాకీ తీర్చే దారి. నీతిశాస్త్ర పత్రానికి ఏర్పరచిన పాఠ్యప్రణాళికలో సహానుభూతి, సహనం, బలహీనవర్గాలపట్ల కరుణ అన్న మాటలున్నవి. వాటికి నిర్వచనాలు కోచింగు తరగతిలో నేర్పుతారు. అవి ఎవరిమీద చూపవలసినవో మెస్సు బల్ల దగ్గర తెలుస్తుంది.

ఆ అమ్మాయి నవ్వక, పరిహాసమాడినవానివైపు చూసి, “అన్నా, ఆ మాటెందుకు? తిననియ్యండి అతన్ని,” అన్నదనుకొందాము. అంతకంటె ఎక్కువ అననక్కరలేదు. బల్ల ఒక క్షణం నిశ్శబ్దమవుతుంది. ఎవరో మజ్జిగ అడుగుతారు. మాట ఇంకొక దారి పడుతుంది. ఆ మూలనున్న అబ్బాయి విన్నాడో లేదో కూడా తెలియదు. ఆ రాత్రి ఆమె మళ్ళీ దుప్పటి కప్పుకొని ఫోను వెలిగిస్తుంది. పక్క మంచంమీది పెద్దమ్మాయి, “ఏం చదువుతున్నావు?” అని మళ్ళీ అడిగితే, నిన్నటి జవాబే ఈనాడు కూడా చెప్పవచ్చును. అది ఇప్పుడు అబద్ధం కాదు.